చౌడక్కకు తోడు

పెనుకొండ నుంచి ఎర్రమంచి దిక్కుకు పోయే దావలో ఏ ఊర్లో అయినా సరే, ఒంట్లో బాగాలేనోళ్లు ముందు డాక్టరు పేరు అడగరు. "చౌడక్క ఊర్లో ఉండాదా?" అని అడుగుతారు. ఉండాదంటే సగం జబ్బు తగ్గినట్టే. లేదంటే, రేపు పోదాంలే అని కడుపు పట్టుకొని పడుకుంటారు. ఆమె మీద అంత నమ్మకం జనానికి.

అట్లని చౌడక్క డాక్టరూ కాదు, నర్సూ కాదు. ఆమె చేసే పని ఒకటే, పేషెంటుకు తోడుగా కూడా పోవడం. హిందూపురంలో ఏ ఆస్పత్రిలో చీటీ యాడ రాయించుకోవాల, రక్తం యాడ ఇయ్యాల, ఏ డాక్టరు పొద్దున్నే నిదానంగా చూస్తాడు, ఏ డాక్టరమ్మ మధ్యాహ్నమైతే కసురుకుంటాది, అన్నీ ఆమెకు నోటికొచ్చు. పుట్టినిల్లు రొళ్ల దగ్గర. ఆ పక్క పిల్లలకు తెలుగూ కన్నడమూ రెండూ ఒకేసారి వస్తాయి. బెంగుళూరు నుంచి వారానికొకసారి వచ్చే పెద్ద డాక్టరుతో కన్నడంలో గలగలా మాట్లాడి, ఇట్ల తిరిగి పేషెంటుకు తెలుగులో చెప్తాంటే పక్కనున్నోళ్లు నోరు తెరుచుకొని చూస్తారు. అదొక గర్వం చౌడక్కకు. ఉండదా మరి?

ఈ విద్య ఊరికే రాలేదు. మొగుడు ఉలిగప్ప గొర్రెలు మేపేవాడు. ఊపిరితిత్తులు చెడిపోయి పదకొండు నెలలు హిందూపురం ఆస్పత్రుల చుట్టూ తిరిగినాడు. తిప్పింది చౌడక్కే. ఆయన దక్కలేదు. ఆస్పత్రి దావలు మాత్రం ఆమెకు మిగిలినాయి. తర్వాత పక్కింటి పిల్ల కాన్పుకు పోయింది, ఎదురింటి ముసలాయన కంటికి పోయింది, ఇంగ అది ఆగలేదు. ఇరవై ఏండ్లయింది. ఒక గుడ్డ సంచి, దాంట్లో నీళ్ల సీసా, తువ్వాల, డబ్బాలో చిత్రాన్నం, ఒక పెన్ను. చౌడక్కకు రాయడం రాదు. "చీటీ కాడ ఎవురో ఒకరు పెన్ను అడుగుతారు. ఇస్తే మన మొహం గుర్తుపెట్టుకుంటారు" అంటాది. చూసినారా తెలివి!

మన పక్క ఆస్పత్రుల్లో ఒక పద్ధతుండాది. రిపోర్టు బాగుంటే డాక్టరు పేషెంటు మొహం చూసే చెప్తాడు. బాగాలేదనుకో, కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "నువ్వు బయట కూచో పెద్దాయనా. కూడా వచ్చిందెవరు?" అంటాడు. పేషెంటు మారు మాట్లాడకుండా లేచి పోతాడు. కడుపు ఆయనది, నొప్పి ఆయనది, కబురు మాత్రం కూడా వచ్చినోళ్లది. ఇదేం న్యాయమని అడిగిన పాపాన పోలేదు ఎవరూ. చౌడక్క అసలే అడగలేదు. ఆ కబురు వినేది ఆమే కదా.

విని, కొంగుతో మొహం తుడుచుకొని బయటికొచ్చి, "ఏం లేదంటప్పా, గ్యాస్ అంట" అనేది. ఎంత పెద్ద రోగమైనా ఆమె నోట్లో పడితే గ్యాసే. ఇంట్లోవాళ్లను పక్కకు పిలిచి నిజం చెప్పేది. పేషెంటుకు మాత్రం చెప్పేది లేదు. "ఉండే నాలుగు దినాలన్నా గుండె నిబ్బరంగా ఉండనీ. ముందే చెప్పి చంపేదేంటికి?" అనేది. దాన్ని అబద్ధం అని ఎవరన్నా అంటే ఊరుకునేది కాదు. పుణ్యం అనేది.

దానికి రుజువుగా పుల్లమ్మ సంగతి చెప్పేది. పుల్లమ్మ అదే ఊర్లో చర్చి వీధిలో ఉండే కూలిమనిషి. చౌడక్కకు మంచి స్నేహం. ఎనిమిదేండ్ల కిందట ఆయమ్మను హిందూపురం తీసుకపోతే, "చేయి దాటిపోయింది, ఇంటికి తీసుకపోయి ఏం తింటే అది పెట్టండి" అన్నాడు డాక్టరు. చౌడక్క బయటికొచ్చి గ్యాస్ అనింది. మొగుడు తిరుపాల్‌కు నిజం చెప్పింది. తిరుపాల్ చేతులు పట్టుకొని ఏడ్చి, అనంతపురంలో పరీక్షలు రాస్తాండే బిడ్డ ఎస్తేరుకు చెప్పొద్దక్కా అన్నాడు. చెప్పలేదు. "ఆ నాలుగు నెలలు పుల్లమ్మ ఎంత నెమ్మదిగా ఉండె తెలుసునా! మా ఇంటికి జల్లెడ కోసం వచ్చింది. చచ్చిపోతానని తెలిసిన మనిషి జల్లెడ కోసం వస్తాదా? ఏమీ తెలీలేదు కాబట్టే వచ్చింది" అనేది చౌడక్క. వినేవాళ్లు అవునవును అని తలూపేవాళ్లు.

ఎస్తేరు మాత్రం ఊపలేదు. పరీక్షలు రాసి ఊరికొచ్చేసరికి అమ్మకు మాట పడిపోయి ఉండె. సమాధి కాడ నలుగురి ముందర, "పెద్దమ్మా, ఇంగ నీ మొహం చూడను. నీ నోట్లో నిజముండదు" అనేసింది. అన్న మాట మీదే నిలబడింది. ఎనిమిదేండ్లు, దావలో ఎదురైనా మొహం తిప్పుకొనే పోయింది.

అట్లాంటి చౌడక్కకు ఈ ఏడు కడుపులో నొప్పి మొదలయింది.

మొదట్లో ఎవరికీ చెప్పలేదు. ముద్ద దిగేది కాదు. దిగినా నిలిచేది కాదు. రైకలు వదులైనాయి. ఎన్ని కడుపులు చూసిన మనిషి! ఏ నొప్పి యాడికి పోతాదో ఆమెకు తెలీదా? తెలుసు కాబట్టే భయం. ఊర్లోవాళ్లందరికీ గ్యాస్ అని చెప్పిన నోరు, తనకు తాను ఆ మాట చెప్పుకోలేకపోయింది.

డాక్టరు కాడికి పోవాల. పోతే ఎవరితో పోవాల? ఈ చిక్కు నొప్పి కంటే పెద్దదయింది. కొడుకు హరి ట్రాక్టరు తోలుతాడు. అమ్మంటే ప్రాణం వానికి. ప్రాణమైతే ఇంగ నిజం చెప్తాడా, చచ్చినా చెప్పడు. కోడలు మాధవీలతకు మొహంలో ఏదీ దాగదు గానీ, చెప్పకముందే ఏడ్చి వీధంతా పోగు చేస్తాది. గోవిందప్ప ఉండాడు, ఉలిగప్పతో గొర్రెలు మేపిన మనిషి, కానీ ఆయనకే గుండె దడ. ఆయన్నే ఈమె తీసుకపోవాల. ఎవర్ని తలుచుకున్నా, లోపలికి పోయి, కబురు విని, తువ్వాలతో మొహం తుడుచుకుంటా "గ్యాస్ అంట" అని బయటికొచ్చేదే కళ్ల ముందర కనపడింది. తన మీద ఇంత ప్రేమ లేని మనిషి ఒక్కరన్నా ఉంటే బాగుండు కదా దేవుడా అనుకుంది.

అప్పుడు తట్టింది ఎస్తేరు పేరు.

ఎస్తేరు ఇప్పుడు కార్ల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో సూపర్‌వైజరు. షిఫ్టు దిగి ఇంటి ముందర స్కూటీ ఆపేసరికి గడప కాడ చౌడక్క నిలబడి ఉండాది.

"ఏం కావాల?" అనింది ఎస్తేరు. పెద్దమ్మా అనలేదు.

"ధర్మవరం పోవాల పాపా, కడుపు డాక్టరు కాడికి. నాకు తోడు రా."

"నీకా? తోడా?" ఎస్తేరుకు నవ్వొచ్చింది, మంచి నవ్వు కాదు. "ఊరంతా నీ చుట్టాలే కదా. నేనేంటికి?"

"వాళ్లందరికీ నేనంటే ఇష్టం. నీకు నేనంటే పడదు. డాక్టరు ఏం చెప్తే అది నా మొహాన కొట్టినట్టు చెప్పేది నువ్వొక్కదానివే. అందుకే నీ గడప తొక్కినా."

ఎస్తేరు చాలాసేపు స్కూటీ తాళం చేతిలో తిప్పుతా నిలబడింది. "చెప్తా. ఏముంటే అది చెప్తా. నీ మాదిరి కాదు నేను" అనింది చివరికి.

"అదీ మాట" అనింది చౌడక్క. కడుపులో అంత భయం పెట్టుకొని కూడా, మంచి తోడు దొరికిందని ఆమెకు సంతోషమయింది.

ధర్మవరమే ఏంటికంటే, హిందూపురంలో ప్రతి నర్సుకూ ఆమె మొహం తెలుసు. "ఏమక్కా, ఈసారి ఎవర్ని తెచ్చినావు?" అని నవ్వుతా అడుగుతారు. నన్నే తెచ్చుకున్నా అని చెప్పడానికి ఆమెకు నోరు రాదు.

ధర్మవరం డాక్టరు నిదానస్తుడు. నొప్పి మాత్రలేమన్నా వాడతావామ్మా అనడిగినాడు. "మోకాళ్లకు ఎప్పుడన్నా ఒకటి సార్" అనింది చౌడక్క. ఆయన అద్దాల పైనుంచి ఒక చూపు చూసినాడు. గొంతులో గొట్టం వేసి కడుపు చూసినాడు, లోపల్నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపినాడు. ముక్క తీసినారంటే ఏమిటో చౌడక్కకు తెలుసు. ఊరికే తీయరు. రిపోర్టు వచ్చేదాకా వారం దినాలు ఆమె తిన్నదీ లేదు, కంటినిండా పన్నదీ లేదు.

వారానికి మళ్లీ ఇద్దరూ పోయినారు. పేరు పిలిచినారు. లోపల కూచున్నారు. డాక్టరు రిపోర్టు అటూ ఇటూ తిప్పినాడు. కండ్లద్దాలు తీసినాడు. బల్ల మీద పెట్టినాడు.

చౌడక్క చూపు ఆ అద్దాల మీదే నిలిచిపోయింది.

"నువ్వు కాసేపు బయట కూచోమ్మా. ఈమెతో మాట్లాడాల" అన్నాడు.

ఇరవై ఏండ్లలో మొదటిసారి తలుపుకు ఈ పక్కన కూచుంది చౌడక్క. గోడ మీద గడియారముండాది. ఒక నిమిషమయింది, మూడయింది, ఏడయింది. లోపల ఒకసారి కుర్చీ జరిగిన చప్పుడు, గ్లాసు పెట్టిన చప్పుడు. నీళ్లేంటికి? ఎవురికి ఇచ్చినారు నీళ్లు? పదకొండు నిమిషాలయింది. గ్యాస్ అని చెప్పడానికి రెండు నిమిషాలు చాలు, ఆ లెక్క ఆమె కంటే బాగా ఎవరికి తెలుసు? తలుపు తెరుచుకుంది. ఎస్తేరు ఫైలును రెండు చేతులా రొమ్ముకు పట్టుకొని వచ్చింది. కండ్లు ఎర్రగా ఉండాయి.

"ఏం లేదు పెద్దమ్మా. కడుపులో పుండంట. గ్యాస్ కూడా ఉండాదంట. పద్నాలుగు దినాలు మాత్రలు మింగితే తగ్గిపోతాదంట."

పెద్దమ్మా! ఎనిమిదేండ్లుగా లేని పెద్దమ్మ ఇప్పుడెట్లొచ్చింది? చచ్చేదాని మీద పగ ఏంటికని వదిలేసిందన్నమాట.

"కండ్లేంటికి అట్ల ఎర్రగున్నాయి?"

"ఏసీ పడలేదు."

"పాపా, నా మొహాన చెప్తానన్నావు."

"చెప్పినా కదా. పుండు. అంతే."

"అంత సేపూ అదే చెప్పినాడా?"

"నీ మోకాళ్ల మాత్రల గురించి అడిగినాడు" అని ఎస్తేరు మొహం పక్కకు తిప్పుకుంది.

బస్టాండు కాడ, అడక్కుండానే, రెండు దానిమ్మకాయలు కొని చౌడక్క సంచిలో వేసింది. ఇంగ చెప్పేదేముండాది? చౌడక్క కూడా అంతే చేసేది. లోపల కబురు బాగాలేని రోజు బయటికొచ్చి పేషెంటుకు తన చేత్తో పండ్లు కొనిపెట్టేది. పుల్లమ్మకు ద్రాక్షపండ్లు కొనింది. పుల్లమ్మ బస్సులో ఒక్కొక్కటే తింటాంటే చూసి ఎంత తృప్తి పడింది! ఇప్పుడు ఆ దానిమ్మకాయల్ని ముట్టుకోవాలన్నా చేయి రాలేదు ఆమెకు. ఇంటికి పోయి పక్కింటి మేకకు వేసింది.

ఆ పొద్దు నుంచి ఆమె ఇల్లు పోలీసు స్టేషనయింది. అందరి మీదా నిఘానే. ఎస్తేరు పొద్దునా సాయంత్రమూ ఫోన్ చేసి "మాత్ర వేసుకున్నావా?" అంటాది. ఏంటికంత అక్కర? ఒక దినం ఇంటికే వచ్చి, అటక మీదున్న మోకాళ్ల మాత్రల డబ్బా మొత్తం తీసి సంచిలో వేసుకపోయింది. "ఇవి ఇంగ వద్దంట" అనింది. వద్దంటే? ఇంగ మోకాళ్లతో పనిలేదనా? హరి ఆదివారం అడక్కుండానే తలకాయ కూర తెచ్చినాడు. వీనికీ చెప్పిందన్నమాట. మాధవీలత "కూచో అత్తా, కసువు నేను ఊడుస్తా" అనింది. పెండ్లయి ఆరేండ్లలో ఆ మాట అన్లేదు ఆ మహాతల్లి. ఇంగేం కావాల రుజువు?

పదో దినానికి నొప్పి తగ్గింది. సంతోషపడిందా అంటే, లేదు. నొప్పి తెలీకుండా చేసే మందిచ్చినారు, పుల్లమ్మకూ అట్లనే ఇచ్చినారు అనుకుంది. అద్దంలో నాలుక చూసుకుంది, కంటి రెప్ప కిందికి లాగి చూసుకుంది. నిజం తెలిస్తే చాలు, ఎంత చెడ్డదైనా సరే. తెలీకుండా పోయేదే భయంగా ఉండె ఆమెకు. హరికి ఇంటి పత్రాలు యాడ పెట్టిందో చెప్పాలా వద్దా? రొళ్లలో ఉండే అన్నను ఒకసారి చూసి రావాలా వద్దా? ఏదీ తెగడం లేదు.

అప్పుడొక ఉపాయం తట్టింది. ఇంత సులభమైంది ఇన్నాళ్లు ఎట్ల తట్టలేదా అని తన తల తానే మొట్టుకుంది. డాక్టర్లు నిజం ఎవరికి చెప్తారు? కూడా వచ్చినోళ్లకు. హిందూపురంలో ఆమె ఎవరు? ఎప్పుడూ కూడా వచ్చినామే! తాను పేషెంటని ఆడ ఎవురికీ కలలో కూడా తోచదు. అంతే కాదు, ఆడ ఆమె పేరే ఎవురికీ తెలీదు. పేషెంటు పేరు రాస్తారు గానీ, కూడా వచ్చినామె పేరు ఎవరు రాసుకుంటారు?

ఫైలు ఎస్తేరు కాడ ఉండాది. పోయి అడిగింది.

"ఏంటికి?" అనింది ఎస్తేరు.

"సచివాలయంలో జిరాక్సు అడిగినారు, ఆరోగ్యశ్రీకి."

"పుండుకు ఆరోగ్యశ్రీ ఏంటికి?"

"అడిగినారమ్మా, ఇస్తావా ఇయ్యవా?"

ఇచ్చింది. ఇస్తా ఒక చూపు చూసింది. చౌడక్క ఆ చూపును పట్టించుకోలేదు.

మరుసటి దినం పొద్దున్నే హిందూపురం బస్సెక్కింది. ఆస్పత్రిలో చీటీ కాడ నర్సు రేష్మ నవ్వింది. "ఏమక్కా, చానా దినాలకు! ఎవర్ని తెచ్చినావు?"

"మా చెల్లెల్ని. అంటే, ఆయమ్మ రాలేదు, లేచే స్థితిలో లేదు. రిపోర్టులు తెచ్చినా. పేరు చౌడక్క."

రేష్మ రాసుకుంది. "పేషెంటు లేకుండా వస్తే కూడా వచ్చినోళ్ల పేరు రాయాలంటున్నారు ఇప్పుడు. నీ పేరేందక్కా? ఇన్నేండ్లయినా నీ పేరు తెలీదు చూడు నాకు!"

తన పేరు ఎట్ల చెప్తాది? ఏదో ఒక పేరు చెప్పాల, బిరీన చెప్పాల. "పుల్లమ్మ" అనేసింది. లోకంలో ఇన్ని పేర్లుండగా ఆ పేరే ఏంటికొచ్చిందో ఆమెకే తెలీదు.

అరగంటకు పిలుపొచ్చింది. "చౌడక్క తాలూకు పుల్లమ్మా! పుల్లమ్మ ఎవరమ్మా?"

చౌడక్క లేచి లోపలికి పోయింది. డాక్టరు రిపోర్టులు చదివినాడు. అద్దాలు తీయలేదు.

"మీ చెల్లెలికి భయపడేంతదేమీ లేదమ్మా. పుండు. ముక్క పరీక్షలో క్యాన్సర్ లేదని స్పష్టంగా ఉండాది. నొప్పి మాత్రలు ఎక్కువ మింగేవాళ్లకు ఇట్ల అవుతాది. అవి ఆపాల, ఈ కోర్సు పూర్తి చేయాల."

"సార్, పేషెంటు ఈడ లేదు. నేను కూడా వచ్చినదాన్ని. నాకు చెప్పొచ్చు."

"చెప్పినా కదా."

"ఇన్నేండ్లుగా నాకెన్ని చెప్పినారు సార్! ఒక్కటన్నా బయట పెట్టినానా? ఆయమ్మకు చెప్పను. నా మీద ఒట్టు. ఎన్ని నెలలు?"

డాక్టరు నవ్వినాడు. నవ్వి, అప్పుడే ఆమెను నిదానంగా చూసినాడు. "నువ్వేంది ఇట్ల సన్నబడినావు? ఒంట్లో బాగుందా?"

అయిపోయింది! కనిపెట్టేసినాడు. లోపలికి రాగానే కనిపెట్టింటాడు, అందుకే అద్దాలు కూడా తీయలేదు. పేషెంటు మొహం మీద ఏ డాక్టరు నిజం చెప్పినాడు? ఫైలు లాక్కొని, దండం పెట్టి బయటపడింది. ఇంగ ఈ లోకంలో తనకు నిజం చెప్పే మనిషి లేడు.

బయట బెంచీ మీద ఎస్తేరు కూచొని ఉండాది.

"వెనక బస్సులో వచ్చినా" అనింది. "సచివాలయం పెనుకొండలో కదా, నువ్వు హిందూపురం బస్సెక్కేది చూసి, ఏంటికా అని వచ్చినా. ఈడ కూచుంటే, లోపల్నుంచి మా అమ్మ పేరు పిలిచినారు." ఎస్తేరు లోపలి తలుపు దిక్కు చూసింది. "ఒక్క క్షణం నిజంగా లేచి నిలబడినా పెద్దమ్మా. అమ్మ యాడుండాదా అని చూసినా. నువ్వు పోతాండావు."

చౌడక్క ఆమె పక్కన కూలబడింది. "తప్పే. తప్పే పాపా. నన్ను తర్వాత తిట్టు. ముందు చెప్పు, నాకెంత కాలముండాది? నీ కాళ్లకు మొక్కుతా, చెప్పు."

"పుండు."

"ఏడ్చినావు కదా లోపల! చూసినా నేను."

"ఏడ్చినా. నీకోసం కాదు." ఎస్తేరు కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఏం లేదమ్మా, పుండే, మాత్రలతో పోతాది అన్నాడాయన. అదే మాట మా అమ్మకు నువ్వు చెప్పినావు. అది నిజంగా నిజమైతే ఎట్లుంటాదో ఆ పొద్దు విన్నా. మా అమ్మకు ఏంటికి నిజం కాలేదని ఏడుపాగలేదు. ఆయనే నీళ్లిచ్చి కూచోబెట్టినాడు."

"మల్ల నన్నేంటికి బయటికి పంపినాడు?"

"మాత్రలు ఎప్పుడన్నా ఒకటి అంటివి కదా! ఆయన నమ్మలేదు. ఈమె దినానికి ఎన్ని మింగుతాది, నిజం చెప్పు, అని నన్నడిగినాడు. నాకు తెలీదన్నా. ఇంట్లో డబ్బా ఉంటే తీసెయ్యమన్నాడు."

"దానిమ్మకాయలు?"

"పొద్దున్నుంచి ఏం తినలేదని కొన్నా! దానిమ్మకాయ కొనిచ్చినా చచ్చిపోతారా ఎవురన్నా?"

ఇంకో దినమైతే చౌడక్క నవ్వేది. ఇప్పుడు ఆమె కండ్లు ఎస్తేరు మొహాన్ని వెతుకుతానే ఉండాయి, యాడన్నా సందు దొరుకుతాదేమో అని. ఎస్తేరు అది చూసింది.

"నమ్మవు. నువ్వు నమ్మవని తెలుసు. మా అమ్మ కూడా నమ్మలేదు."

"ఏంది?"

"నువ్వు గ్యాస్ అంటే మా అమ్మ నమ్మిందనుకున్నావా? ఖాళీ మాత్రల అట్ట కొంగున కట్టుకొని మెడికల్ షాపుకు నాలుగుసార్లు పోయిందంట, ఇవి గ్యాస్ మాత్రలేనా అని. ఆ షాపాయనే చెప్పినాడు, అమ్మ పోయినాక. నువ్వు ముందే చెప్పిపెట్టింటివి కదా, అమ్మకు గ్యాసే అని చెప్పినాడంట. పాస్టరును అడిగింది. నాయన్ని అడగలేదు, ఆయన ఏడుస్తాడని. ఎవర్నీ నమ్మలేక, ఎవర్నీ గట్టిగా అడగలేక నాలుగు నెలలు. నువ్వీ పది దినాలు పడిందే, ఆయమ్మ నాలుగు నెలలు పడింది. అమ్మ పోయిందని కాదు పెద్దమ్మా నా కోపం. అందరూ ఉండి కూడా ఒంటరిగా పోయింది."

రేష్మ ఇంకెవరి పేరో పిలిచింది, ఎవరో ముసలాయన లేచినాడు, ఆయనకు తోడొచ్చిన కోడలు లేచింది. చౌడక్క వాళ్లను దాటుకొని పోయి, ఎస్తేరు చేయి పట్టుకొని లాక్కొని, మళ్లీ డాక్టరు గదిలోకి తోసుకపోయింది.

"సార్, చౌడక్క నేనే. చెల్లెలూ లేదు, ఎవరూ లేరు. ఈ పిల్ల నాకు తోడొచ్చింది. మా ఇద్దరి ముందర ఇంకోసారి చెప్పండి. నన్ను బయటికి పంపొద్దండి."

డాక్టరు కోప్పడినాడు. కోప్పడాల్సిందే కదా, ఇట్లాంటి వేషాలు ఏంటికమ్మా అని నాలుగు మాటలన్నాడు. అని, రిపోర్టు తీసి మొదటి మాటే మళ్లీ చెప్పినాడు. పుండు. క్యాన్సర్ లేదు. మోకాళ్ల మాత్రలు ఆపాల. చౌడక్క ఆయన మొహం చూడలేదు. వింటాండే ఎస్తేరు మొహం చూసింది. ఎస్తేరు కూడా ఆమెనే చూస్తాండె. ఇద్దరూ ఒకే మాట, ఒకే క్షణంలో విన్నారు. చౌడక్కకు నమ్మకం కుదిరింది.

"దినానికి మూడు మింగేదాన్ని సార్" అనింది. "అప్పుడప్పుడు నాలుగు."

తిరుగు బస్సులో ఇద్దరికీ పక్కపక్కనే సీటు దొరికింది. బస్సు హిందూపురం దాటకముందే చౌడక్క ఫోను మోగింది. గోవిందప్ప.

"ఏమక్కా, రేపు నాకు తోడొస్తాండావు కదా?"

"వస్తా గానీ గోవిందప్పా, రేపు డాక్టరు ఏం చెప్పినా నీ ముందరే చెప్పమంటా. నిన్ను బయట కూచోబెట్టేది లేదు. ఇద్దరం కలిసే విందాం."

"ఏంటికక్కా?" అన్నాడు గోవిందప్ప, గొంతు తగ్గించి. "ఏమన్నా ఉండాదా నాకు? నీకేమన్నా తెలుసా? నిజం చెప్పు."

"ఏం తెలీదప్పా!"

"తెలీకపోతే అట్లేంటికంటావు? ఎప్పుడూ అనలేదే!"

ఎస్తేరు కిటికీ పక్కకు తిరిగి కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది. ఆయనకు సర్దిచెప్పేసరికి చౌడక్కకు తల ప్రాణం తోకకొచ్చింది. ఫోను పెట్టేసినాక తానూ నవ్వింది. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. నోరు కదిలిస్తాది, ఆపేస్తాది. అట్ల రెండు స్టేజీలు పోయినాక చెప్పింది.

"పాపా, మీ అమ్మ ఆ నాలుగు నెలల్లో మా ఇంటికొచ్చింది. రెండుసార్లు. జల్లెడ కావాలనింది. మొదటిసారి ఇచ్చినాక పోకుండా గడప పట్టుకొని నిలబడింది. ఇంకేమన్నా కావాల్నా పుల్లమ్మా అన్నా. ఏం లేదక్కా అని పోయింది. తిరిగి ఇయ్యడానికొచ్చిన పొద్దు కూడా అట్లనే నిలబడింది. నేను చాటలో రాళ్లేరుకుంటాండా, తలెత్తలేదు. తలెత్తితే నా మొహంలో కనపడతాదని. జల్లెడకొచ్చింది చూడు, ఎంత నెమ్మదిగా ఉండాదో అని ఊరంతా చెప్పుకున్నా."

ఎస్తేరు చేతిలో ఫైలును ఒళ్లో పెట్టుకుంది.

"మా ఇంట్లో రెండు జల్లెడలుండె పెద్దమ్మా" అనింది.